ఆగిపోయిందని ఎవరడిగారు?

2020 ఏప్రిల్ 2. ఆ ఏటి శ్రీరామనవమి మీకూ గుర్తుండే ఉంటుంది. మా వైపు వాళ్ళకి నవమి అంటే భద్రాచలం మిథిలా స్టేడియం, మాడు మాడ్చే ఎండ, తోపులాట, తిరిగొచ్చేటప్పుడు కొంగున కట్టుకున్న ముత్యాల తలంబ్రాలు. ఆ ఏడు కరోనా వల్ల స్టేడియం ఖాళీగా ఉంది. కల్యాణం గుడి లోపల నిత్యకల్యాణ మండపంలో భక్తులు లేకుండా జరిగింది. గోదావరి అంత దగ్గరున్న మేమూ అందరిలాగే టీవీలోనే చూశాం. మా అత్తమ్మ తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, టీవీ ముందు పీట వేసుకుని కూర్చుంది. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి టీవీకే దండం పెట్టింది.

ఆ రోజుల్లోనే సీరియళ్ళు ఆగిపోయాయి. మార్చిలో షూటింగులు బందయ్యాయి. ఉన్న ఎపిసోడ్లు అయిపోగానే పాతవే తిప్పి తిప్పి వేశారు. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో 1987 నాటి రామాయణం మళ్ళీ మొదలైంది. అది చూస్తూ కూడా అత్తమ్మ తన సీరియల్ సంగతి మరవలేదు. కథ సరిగ్గా కోడలి మీద నింద పడిన చోట ఆగింది. "ఇంకెప్పుడు మొదలుపెడతరంట?" అని రోజూ అడిగేది, నేనేదో ఆ చానల్లో ఉద్యోగం చేస్తున్నట్టు. పక్కింటి పిన్నిగారిదీ అదే ప్రశ్న. జూన్‌లో షూటింగులు మళ్ళీ మొదలయ్యేదాకా ఆ ప్రశ్న ఆగలేదు.

సరిగ్గా ఆ మార్చిలోనే అమెరికాలో చదువుకుంటున్న మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది. గొంతు బాగోలేదు. జ్వరమేమోనని కంగారుపడ్డాను. "అదేం కాదత్తా, బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ రద్దు చేశారు" అంది. మగపిల్లల ఆటేమో అనుకున్నా. కాదట, కాలేజీ ఆడపిల్లల పోటీ. మార్చి 12న రద్దు చేశారు. ఆ ఏడు దేశంలో మొదటి స్థానంలో ఉన్నది సౌత్ కరోలినా యూనివర్సిటీ అమ్మాయిల జట్టు. 33 ఆటలు ఆడి ఒక్కటే ఓడింది. కప్పు వాళ్ళదే అని అందరూ అనుకుంటుండగా పోటీయే లేకుండా పోయింది. 1982 నుంచి ఏటా జరుగుతున్న ఆ పోటీ ఆగడం అదే మొదటిసారి. ఈ పిల్ల, దాని స్నేహితురాళ్ళు టీవీలో చూడటానికి రోజులు లెక్కపెట్టుకుంటున్నారట.

నాకు ఆశ్చర్యం వేసింది రద్దయినందుకు కాదు. ఆడపిల్లల కాలేజీ ఆట ఆగిపోతే ఏడ్చేవాళ్ళు ఉన్నారా అని.

ఎందుకంటే ఒక ఆట ఆగిపోవడం నేనూ చూశాను. నేను డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీలో ఒక సిమెంటు కోర్టు ఉండేది. రెండు రింగులు, వాటికి వలలు లేవు. బంతి పడ్డా పడలేదని వాదించుకునేవాళ్ళం. మా సీనియర్లు ఏడుగురు కలిసి జట్టు కట్టారు. పొడుగ్గా ఉన్నానని నన్నూ లాక్కున్నారు గానీ, నేను ఎక్కువగా బంతి తెచ్చే పనే చేశాను. ఒక ఏడు అంతర్ కళాశాలల పోటీకి పేరిచ్చారు. వెళ్ళాల్సిన వారానికి ఇద్దరికి పెళ్ళిచూపులు వచ్చాయి. ఒకరి నాన్న "రాత్రి పూట బయట ఉండేదేంటి" అన్నారు. ఇంకొకరికి ఇంట్లో అమ్మమ్మ మంచాన పడింది. మిగిలింది ముగ్గురు, నాతో నలుగురం. అయిదుగురు లేనిదే ఆట లేదు. పేరు వెనక్కి తీసుకున్నారు. ఆ సాయంత్రం హాస్టల్లో క్రికెట్ సాగి సాగి సీరియల్ పడలేదు. హాస్టలంతా గోల. వార్డెన్ దగ్గరికి వెళ్ళి మరీ అడిగారు. జట్టు ఎందుకు వెళ్ళలేదని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ సీరియల్ గోలలోనే ఉన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆ కోర్టు గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లో చేతికి పనెక్కువైనా మనసుకి తీరిక దొరికింది. అమెరికా ఆడపిల్లల ఆట టీవీ దాకా ఎలా వచ్చిందో, మనకి టీవీ ఎలా వచ్చిందో చదువుతూ పోయాను. రెండు కథలూ ఒకే సంవత్సరంలో పక్కపక్కన నడిచాయని అప్పుడు తెలిసింది. అది మీకు చెప్పాలనిపించింది.

బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. చలికాలం బయట ఆడలేని కుర్రాళ్ళ కోసం జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు ఆటశాల బాల్కనీకి పళ్ళబుట్టలు కొట్టించి ఆడించాడు. ఆయన పనిచేసింది వైఎంసీఏ వారి శిక్షణ పాఠశాలలో. మన దేశంలోనూ ఈ ఆట పాకడానికి వైఎంసీఏ వాళ్ళే ముఖ్య కారణం. 1920లో మద్రాసులో వాళ్ళు పెట్టిన వ్యాయామ విద్యా కళాశాలలో చదువుకున్న డ్రిల్లు మాస్టార్లు చాలా ఊళ్ళకి ఆటలు మోసుకెళ్ళారు.

ఆట పుట్టిన మరుసటి ఏడే, అక్కడికి దగ్గర్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్‌సన్ అనే టీచరమ్మ ఆడపిల్లలకి నేర్పింది. అయితే వాళ్ళు అలిసిపోతారని, ఒకరి మీద ఒకరు పడతారని నియమాలు మార్చేసింది. కోర్టుని మూడు భాగాలు చేసి, ఎవరి గీత దాటి వాళ్ళు పోకూడదంది. ఎదుటివాళ్ళ చేతిలోని బంతి లాక్కోకూడదు. 1893 మార్చిలో అక్కడ జరిగిన మొదటి పోటీకి మగవాళ్ళని లోపలికి రానివ్వలేదు. తర్వాత నియమాలు మారుతూ వచ్చినా, కోర్టు మొత్తం పరుగెత్తే అయిదుగురి ఆట కాలేజీ ఆడపిల్లలకి దక్కింది 1971లోనే. సుమారు ఎనభై ఏళ్ళు పట్టింది గీత దాటడానికి.

1972లో ఆడపిల్లల కాలేజీలకి మొదటి జాతీయ పోటీ పెట్టారు. పెట్టింది ఏఐఏడబ్ల్యూ అనే సంఘం. కాలేజీల్లో ఆడపిల్లలకి ఆటలు నేర్పే టీచర్లే నడుపుకున్న సంఘమది. ఆ మొదటి కప్పు ఏ పెద్ద యూనివర్సిటీకో పోలేదు. పెన్సిల్వేనియాలో క్రైస్తవ సన్యాసినులు నడిపే ఇమాక్యులేటా అనే చిన్న ఆడపిల్లల కాలేజీకి వచ్చింది.

ఆ జట్టు కథ చదువుతుంటే మా సిమెంటు కోర్టు ఎంత గొప్పదో అనిపించింది. వాళ్ళ ఆటశాల 1967లో కాలిపోయింది. ఆడుకోవడానికి సొంత చోటు లేదు. కోచ్ కేథీ రష్‌కి మొదటి ఏడు జీతం 450 డాలర్లు. నెలకి కాదు, మొత్తానికి. ఉన్ని గౌన్లలాంటి బట్టలతోనే ఆడారు. జాతీయ పోటీకి వెళ్ళడానికి డబ్బుల్లేక టూత్‌బ్రష్‌లు అమ్మారు. అయినా జట్టందరికీ టికెట్లకు సరిపోక ఎనిమిది మందే వెళ్ళారు. ఫైనల్లో ఎదురైంది వెస్ట్ చెస్టర్ కాలేజీ. కొన్నాళ్ళ క్రితమే వీళ్ళని 32 పాయింట్ల తేడాతో ఓడించిన జట్టు. ఈసారి 52-48తో వీళ్ళే గెలిచారు. తర్వాత 1973, 1974 కప్పులూ వాళ్ళవే. సొంత ఊళ్ళో ఆట ఉంటే సన్యాసినులు ఇనుప బకెట్లు మోగిస్తూ గోల చేసేవారట. ఒక అమ్మాయి నాన్నకి హార్డ్‌వేర్ కొట్టు ఉండేది, బకెట్లు ఆయనవే. మన ఊళ్ళో అయితే పళ్ళాలు, గరిటెలు వాయించేవాళ్ళం.

మూడు కప్పులు గెలిచాక గానీ వాళ్ళు టీవీలో కనబడలేదు. 1975 జనవరి 26న మేరీలాండ్ యూనివర్సిటీతో వాళ్ళు ఆడిన ఆటని దేశమంతా చూసేలా ప్రసారం చేశారు. ఆడపిల్లల కాలేజీ బాస్కెట్‌బాల్‌కి అలాంటి ప్రసారం అదే మొదటిది. నెల తిరక్కుండానే న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాళ్ళ ఆట చూడటానికి దాదాపు 12,000 మంది వచ్చారు.

ఇప్పుడు మన వైపుకి రండి. అదే 1975, ఆగస్టు 1. అప్పటికి మన తెలుగు పల్లెలకి టీవీ అంటే ఏమిటో తెలీదు. నాసా వాళ్ళ ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని మన దేశం ఒక్క ఏడాదికి వాడుకోవడానికి తీసుకుంది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళలో బడి దగ్గరో పంచాయతీ దగ్గరో ఒక్కో టీవీ పెట్టారు. పైన కోళ్ళ గంపకి కట్టే జాలీ లాంటి వలతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా. సైట్ అని ఆ ప్రయోగానికి పేరు. మన దగ్గర మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు వంటి జిల్లాల పల్లెల్లో నడిచింది. మా ఖమ్మం జిల్లా అందులో లేదు. రోజుకి నాలుగు గంటలు. పొద్దున గంటన్నర బడిపిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకి. వ్యవసాయం, పిల్లల ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్యలో ఆటపాటలు. తెలుగులో చెప్పేవారు.

సరిగ్గా ఏడాదికి, 1976 జులై 31న, అంతా ఆగిపోయింది. ఉపగ్రహం వాళ్ళది, గడువు తీరింది, వెనక్కి తీసుకున్నారు. కొన్ని ప్రాంతాల్లో తర్వాత ట్రాన్స్‌మిటర్లు పెట్టి ప్రసారాలు అందించారు. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైంది. కానీ ఆ మధ్యలో, నిన్నటిదాకా వెలిగిన పెట్టె ముందు చాప పరుచుకు కూర్చున్న పల్లెటూరి ఆడవాళ్ళని తలుచుకోండి. మన తెలుగునాట రద్దయిన మొట్టమొదటి టీవీ కార్యక్రమం ఏదని ఎవరైనా అడిగితే, ఒక సీరియల్ కాదు, మొత్తం టీవీయే అని చెప్పాలి.

అక్కడ ఆ పెట్టెలు మూగబోయిన ఆ జులైలోనే మాంట్రియల్‌లో ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్‌ని ఒలింపిక్స్‌లో చేర్చింది అప్పుడే. మగవాళ్ళది చేర్చి అప్పటికి నలభై ఏళ్ళు. ఆ ఆటల్లో ఆడవాళ్ళ తొలి బుట్ట వేసింది లూసియా హ్యారిస్ అనే నల్లజాతి అమ్మాయి. అమెరికా జట్టు ఆ ఏడు వెండి పతకం తెచ్చుకుంది.

ఈ లూసియా కథ నాకు అన్నిటికన్నా మనసుకి పట్టింది. మిసిసిపీలో కూరగాయలు, పత్తి పండించుకునే ఇల్లు. పదకొండు మంది పిల్లల్లో పదోది. అమ్మ పడుకోమంటే దుప్పటి కప్పుకుని, ఆ దుప్పటి కిందనుంచి అర్ధరాత్రి దాకా టీవీలో బాస్కెట్‌బాల్ చూసేదట. చూసిందంతా మగవాళ్ళ ఆటే. ఆస్కార్ రాబర్ట్‌సన్ అనే ఆటగాడంటే ప్రాణం. అయినా చూసింది కాబట్టి అలా ఆడాలని కోరిక పుట్టింది. డెల్టా స్టేట్ కాలేజీలో చేరి 1975, 1976, 1977 కప్పులు గెలిపించింది. 1975 ఫైనల్లో ఓడింది మన బకెట్ల కాలేజీ ఇమాక్యులేటాయే. 1977లో మగవాళ్ళ జట్టు న్యూ ఆర్లీన్స్ జాజ్ ఆమెని ఎంపిక చేసుకుంది కూడా. ఆమె వెళ్ళలేదు. అప్పటికి పెళ్ళయి, కడుపుతో ఉంది. అప్పటికి ఆడవాళ్ళకి అక్కడ జీతమిచ్చే లీగు లేదు. చదువు, నాలుగేళ్ళ ఆట, పెళ్ళి, పిల్లలు. ఎక్కడి మిసిసిపీ, ఎక్కడి మా హాస్టలు! ఆమె 2022 జనవరిలో చనిపోయింది. ఆమె మీద తీసిన చిన్న డాక్యుమెంటరీకి రెండు నెలల తర్వాత ఆస్కార్ వచ్చింది. చూసుకోవడానికి ఆమె లేదు.

ఇమాక్యులేటా ఎందుకు వెనకబడిందో కూడా చెప్పాలి. 1972 జూన్‌లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థలు ఆడ, మగ తేడా చూపకూడదని. దానివల్ల పెద్ద యూనివర్సిటీలు ఆడపిల్లలకీ ఆటల స్కాలర్‌షిప్పులు ఇవ్వసాగాయి. లక్షల మందికి మేలు జరిగింది. కానీ టూత్‌బ్రష్‌లు అమ్ముకునే చిన్న కాలేజీ ఆ డబ్బుతో పోటీ పడలేకపోయింది.

టీచరమ్మల సంఘానికీ అదే గతి పట్టింది. ఏఐఏడబ్ల్యూ పోటీలు చూపించడానికి ఎన్‌బీసీ చానల్‌తో ఒప్పందం ఉండేది. మగపిల్లల ఆటలు నడిపే పెద్ద సంఘం ఎన్‌సీఏఏ, ఎన్నాళ్ళో ఆడపిల్లల ఆటల్ని పట్టించుకోనిది, 1982లో తనూ ఆడపిల్లల పోటీ పెట్టింది. పెద్ద పెద్ద కాలేజీలు అటు వెళ్ళిపోయాయి. ఆ ఫైనల్ సీబీఎస్‌లో వచ్చింది. ఎన్‌బీసీ ఏఐఏడబ్ల్యూ పోటీలు చూపించడం మానేసింది. ఆ సంఘం కోర్టుకెళ్ళింది, ఓడిపోయింది, 1983లో మూతపడింది. పదేళ్ళు పోపుడబ్బా డబ్బులతో సంసారం నడిపిన ఇల్లాలి చేతిలోంచి తాళాలు తీసుకున్నట్టే అయింది.

అలా తాళాలు తీసుకున్నవాళ్ళు సమానంగా చూశారా అంటే, 2021లో బయటపడింది. కరోనా తర్వాత మళ్ళీ పోటీలు పెట్టినప్పుడు మగపిల్లలకి పెద్ద వ్యాయామశాల, ఆడపిల్లలకి డంబెల్స్ ఉన్న ఒక స్టాండు, కొన్ని యోగా చాపలు. ఒరెగాన్ జట్టులోని సెడోనా ప్రిన్స్ అనే అమ్మాయి సెల్‌ఫోన్‌లో వీడియో తీసి పెట్టింది. దేశమంతా చూసింది. రెండ్రోజుల్లో సామాన్లు వచ్చాయి. 'మార్చ్ మ్యాడ్‌నెస్' అనే పేరు అప్పటిదాకా మగపిల్లల పోటీకే వాడేవారు. 2022 నుంచి ఆడపిల్లలకీ ఇచ్చారు.

2024 ఏప్రిల్‌లో అదే సౌత్ కరోలినా, 2020లో ఆట ఆగిపోయిన కాలేజీ, ఆ ఏడు ఒక్కటీ ఓడకుండా అయోవా మీద ఫైనల్ గెలిచింది. దాన్ని టీవీలో సగటున కోటీ 89 లక్షల మంది చూశారు. మగపిల్లల ఫైనల్ చూసింది కోటీ 48 లక్షలు. అక్కడ ఆడపిల్లల ఫైనల్‌ని ఎక్కువమంది చూడటం అదే మొదటిసారి. అప్పుడు మా మేనకోడలు ఎందుకు ఏడ్చిందో నాకు పూర్తిగా అర్థమైంది. దానికి చిన్నతనంలో లేని అలవాటు అక్కడ అయింది. రోజూ చూసేది ఆగితే వెలితి తెలుస్తుంది. మా అత్తమ్మకి సీరియల్ ఎంతో దానికి ఆ ఆట అంత. మా సీనియర్ల ఆట ఎవరి కంటా పడలేదు, అందుకే అది పోయిన సంగతి కూడా ఎవరికీ తెలీలేదు.

మా ఇంట్లో ఇది మారిన రోజు చెప్పి ముగిస్తాను. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం. కౌలాలంపూర్‌లో పంతొమ్మిదేళ్ళ లోపు ఆడపిల్లల టీ20 ప్రపంచ కప్ ఫైనల్. మన జట్టులో గొంగడి త్రిష ఉంది. పుట్టింది భద్రాచలంలో. కూతురి శిక్షణ కోసం వాళ్ళ నాన్న సంసారాన్ని సికింద్రాబాద్‌కి మార్చారు. ఆ టోర్నమెంటులోనే స్కాట్లాండ్ మీద 110 కొట్టింది. ఆ ప్రపంచ కప్‌లో ఒకరు సెంచరీ చేయడం అదే మొదలు. ఫైనల్లో మూడు వికెట్లు తీసి, తర్వాత 44 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. దక్షిణాఫ్రికాని 82కే ఆపి తొమ్మిది వికెట్లతో గెలిచారు. మొత్తం టోర్నమెంటులో 309 పరుగులు, ఏడు వికెట్లు. ఉత్తమ క్రీడాకారిణి తనే.

అత్తమ్మకి క్రికెట్ తెలీదు. "మన భద్రాచలం పిల్ల" అంటే మాత్రం వచ్చి కూర్చుంది. మధ్యలో నేను పప్పు చూడటానికి వంటింట్లోకి వెళ్తే, "ఇటు రా, మన పిల్ల మళ్ళ కొట్టింది" అని కేకేసింది. అయిపోయాక అడిగింది, "మళ్ళ ఎప్పుడొస్తదంట ఈ పిల్ల ఆట?"

సీరియల్ గురించి ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు గానీ, ఒక ఆడపిల్ల ఆట గురించి ఆ ఇంట్లో ఆ ప్రశ్న వినడం నాకు అదే మొదటిసారి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో కబడ్డీ, ఖోఖో, బాస్కెట్‌బాల్, ఏదో ఒకటి ఆడే పిల్ల ఉండే ఉంటుంది. టీవీ దాకా రాకపోవచ్చు. ఒక సాయంత్రం గ్రౌండు దాకా వెళ్ళి చూసి రండి. రేపు ఆ పిల్ల ఆడటం మానేస్తే, ఎందుకు మానేశావని అడగడానికి మీరొకరైనా ఉంటారు.